బర్రుమన్న గిటారు

ఆ వానాకాలం మా ఇంట్లోకి గిటారు వచ్చిందంటే దానికి కారణం సంగీతం కాదు, ఒక రబ్బరు బంతి.

పై అరలో ఉన్న దారాల డబ్బా అందుకోబోయి స్టూలు మీంచి పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు పోయాక కట్టు విప్పితే, లోపల్నుంచి నా చెయ్యి కాక ఇంకెవరిదో బయటికొచ్చినట్టనిపించింది. పాలిపోయి, సన్నబడి, నా మాట వినకుండా. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక రబ్బరు బంతి చేతిలో పెట్టి, "రోజూ మూడొందల సార్లు నొక్కండి ఆంటీ, వేళ్ళు వాటంతటవే దారికొస్తాయి" అంది. వారం రోజులు నొక్కాను. నొక్కుతూ గోడకేసి చూడ్డం తప్ప ఆ పనిలో ఇంకేం లేదు. ఎనిమిదో రోజు ఒళ్ళు మండి బంతిని కిటికీలోంచి గిరాటేశాను. అది వెళ్ళి ఎదురింటివాళ్ళ సన్‌షేడ్ మీద పడింది. నేను తెచ్చుకోలేదు, వాళ్ళు ఇవ్వలేదు.

మాది బట్టలు కుట్టే కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. మా ఆయన కోస్తాడు, నేను కుడతాను. ముప్పై ఏళ్ళుగా అంతే. కుట్టు మెషిన్ మీద కుడి చేతికి పెద్ద పనేం ఉండదు, బట్టని నడిపేదంతా ఎడమ చెయ్యే. పై పొరని చూపుడువేలూ మధ్యవేలూ చూసుకుంటే, కింది పొర జారిపోకుండా ఉంగరపు వేలూ చిటికెన వేలూ పట్టుకోవాలి. ఆ రెండూ పట్టు తప్పాయంటే కాలర్ ఒక దారి, చొక్కా ఒక దారి. అంచేత నా వేళ్ళు రాకపోతే కొట్లో నేను లేనట్టే. ఈ మాట పైకి ఎవరితోనూ అనలేదు. కానీ ఆ మూడు నెలలూ కూర్చున్నా నించున్నా నా లోపల తిరిగింది ఇదొక్కటే.

బంతి సంగతి తెలిసి మా చెల్లెలు ఓ ఆదివారం పొద్దున్నే వానలో తడుచుకుంటూ ఊడిపడింది. అది రైల్వే స్టేషన్లో టికెట్లిస్తుంది, పక్క వీధిలోనే ఉంటుంది. చంకలో తనంత పొడుగు అట్టపెట్టె.

"ఏంటే ఇది?"

"గిటారు. కరెంటుది."

"నేనేమన్నా అడిగానా?"

"అడిగితే తెస్తానా. నీ ఫిజియో అమ్మాయిని కనుక్కున్నా. వేలు వేలుకీ విడిగా పని తగలాలంది. మామూలు గిటారు తీగలు వేళ్ళు కోసేస్తాయట, దీనివైతే సన్నగా, మెత్తగా ఉంటాయని షాపతను చెప్పాడు. అక్కడున్నవాటిలో అన్నిటికన్నా చవకది తెచ్చాను."

"చవకదెందుకు?"

"దీన్ని కూడా కిటికీలోంచి విసిరేస్తే నా కడుపు మండకుండా."

పెట్టె విప్పాం. కొత్త వార్నిష్ వాసన గుప్పుమంది. లోపల ఎర్రటి ఎరుపు, మొహం చూసుకునేంత నునుపు. ఇంత అందంగా ఉంది, ఇంకా చవకేమిటి అనుకుంటూ ఒళ్ళోకి తీసుకున్నాను. ఇస్త్రీ పెట్టె ఒళ్ళో పెట్టుకున్నట్టుంది. తీగ మీటాను. ఈగ తుమ్మినంత శబ్దం వచ్చింది.

మా ఆయన కళ్ళజోడు నుదుటి మీద నుంచి కిందికి దించుకుని వచ్చాడు. వేలితో గిటారు పొట్ట మీద కొట్టి చూశాడు. "లోపల ఖాళీ లేదు. గట్టి చెక్క. పాట ఎక్కడ్నుంచి వస్తుందట?"

"దీన్లోంచి బావా" అని చెల్లెలు రొట్టె ముక్క పట్టేంత స్పీకరు పెట్టె ఒకటి తీసి, తీగ తగిలించి, ప్లగ్గులో పెట్టింది. ఒక్కసారిగా జుమ్మని రొద. నేను కంగారుపడి తీగల మీద చెయ్యేశాను. ఠక్కున ఆగిపోయింది. చెయ్యి తీస్తే మళ్ళీ మొదలు.

"దీనికి నేను దగ్గరుంటేనే మనశ్శాంతి" అన్నాను.

"నాకు దానికి సరిగ్గా తిరగేసి" అన్నాడాయన మెల్లిగా. చెల్లెలు కిసుక్కుమంది.

గిటారు మెడ మీద చెయ్యి పైకీ కిందికీ జరిపి చూశాను. అడ్డంగా ఉన్న లోహపు కడ్డీల కొసలు బయటికి పొడుచుకొచ్చి నా స్వెటర్ చేతికి పట్టుకున్నాయి. ఒక దారం బారెడు పొడుగున లేచొచ్చింది. మూడు గుండ్రటి బొత్తాలుంటే అందులో ఒకటి ఊగుతోంది, ఇంకో రెండూ ఎటు తిప్పినా ఒక్కలాగే పనిచేస్తున్నాయి. మా ఆయన మొహం వికసించింది. ఎక్కడైనా తప్పు దొరికితే ఆయనకి ప్రాణం లేచొస్తుంది.

"అంచు మడవలేదు. బొత్తాం వదులు. ఇది తొందర్లో చేసిన సరుకు" అన్నాడు. "ఇటివ్వు, లోపల చూద్దాం."

ఇక్కడ మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ఎవరు ఏ బట్ట తెచ్చిచ్చినా ఆయన ముందు లోపలి వైపు తిప్పి చూస్తాడు. పైన ఎవడైనా సోకు చేస్తాడు, లోపల కుట్టు చూస్తే మనిషి తెలుస్తాడంటాడు. బట్టతో ఆగితే బాగానే ఉండేది. మా ఇంట్లోకి వచ్చిన ప్రతి ఫ్యానూ, గడియారమూ, చివరికి నా బరువు చూసే మెషినూ కూడా వాడకముందే ఆయన చేతిలో ఒకసారి లోపలికి తిరిగినవే. గడియారం తర్వాత నాలుగు రోజులు వెనక్కి నడిచింది.

గిటారుని బోర్లా పడుకోబెట్టాడు. వెనకవైపు ప్లాస్టిక్ మూతకున్న ఆరు మరలూ తీశాడు. లోపల గూడులాగా ఉంది, అందులో మూడు స్ప్రింగులు సాగదీసి తగిలించి ఉన్నాయి. కొక్కేలు మాత్రం ఐదు.

ఆయన నావైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. చొక్కాకి ఐదు కాజాలుండి మూడే బొత్తాలుంటే చూసే చూపది.

"రెండు వదిలేశారు" అన్నాడు.

"బావా, కంపెనీవాళ్ళు మూడే పెట్టారంటే ఏదో..." అంది చెల్లెలు.

"బద్ధకం పెట్టారు" అని లేచి, పాత మెషిన్ సొరుగులోంచి రెండు స్ప్రింగులు వెతికి తెచ్చాడు. వాటిని లాగి, బిగించి, చెమట తుడుచుకుని, ఖాళీగా ఉన్న కొక్కేలకి తగిలించాడు. కడ్డీల కొసలు సన్న ఆకురాయితో అరగదీశాడు. ఊగే బొత్తాం కింద దారం చుట్టి బిగించాడు. ఆ చివరి రెండు పనులూ, నిజం చెప్పాలంటే, చక్కగానే చేశాడు.

మూత బిగించి ఇచ్చాక తీగ మీటితే ఇదివరకు టింగుమన్నది ఇప్పుడు గిర్రుమంటోంది. తీగలన్నీ కిందికి దిగి కడ్డీలకి రాసుకుంటున్నాయి.

"ఇప్పుడు గట్టిగా ఉంది" అన్నాడాయన తృప్తిగా.

ఆ గిర్రుమనే దాని మీదే నేర్చుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి కొట్టు మూస్తాం, నాలుగింటికి తీస్తాం. ఆ రెండు గంటలూ ఆయన కింద కొట్లోనే చాప వేసుకుని పడుకుంటాడు, నేను పైన రేకుల గదిలో గిటారుతో కూర్చునేదాన్ని. ఫోన్లో ఒక గడ్డం ఆయన నేర్పేవాడు. "చాలా తేలిక, నవ్వుతూ చేయండి" అనేవాడు. ఆయనకేం, పది వేళ్ళూ ఉన్నాయి.

కానీ ఒక్క విషయం ఒప్పుకోవాలి. బంతి మొహమాటస్థురాలు. మూడు వేళ్ళు నొక్కి రెండు వేళ్ళు దొంగాట ఆడినా దానికి పట్టదు, ముడుచుకుపోయి మురిపిస్తుంది. గిటారు అలా కాదు. ఏ వేలు పని ఎగ్గొట్టిందో పేరు పెట్టి చెబుతుంది. చూపుడువేలు నొక్కితే పలికింది. వారానికి మధ్యవేలూ పలికింది, ఆ రోజు నేను ఒక్కదాన్నే గదిలో నవ్వుకున్నాను. ఉంగరపు వేలు దగ్గరికొచ్చేసరికి టప్. చిటికెన వేలు, అదీ టప్. రెండో వారం టప్. మూడో వారం టప్. మా ఆయన సాయంత్రం "ఎలా ఉంది?" అనడిగితే "వస్తోంది, రేపో ఎల్లుండో వచ్చేస్తుంది" అనేదాన్ని. ఆయన "ఆఁ, వస్తుంది" అనేవాడు. ఇద్దరం ఇంకో మాట ఎత్తేవాళ్ళం.

అప్పటిదాకా ఆయన కోసిన బట్టలు వీధి చివరి దర్జీకిచ్చి కుట్టించేవాళ్ళం. అతను కుట్టిన చేతులు చూస్తే నాకు చెయ్యి నొప్పి ఎక్కువయ్యేది. అలాంటిది, ఓ రోజు కొట్లోకి వెళ్ళేసరికి స్కూలు యూనిఫారాల గుడ్డ తాన్లు తాన్లుగా దిగి ఉంది. నలభై చొక్కాలు.

"ఎవరు కుడతారండీ ఇవి?"

"చూద్దాంలే."

"చూస్తే కుట్టుకుంటాయా అవి?"

ఆయన టేపు మెడలో వేసుకుని ఎవరో పిలిచినట్టు వీధిలోకి వెళ్ళిపోయాడు. ఎవరూ పిలవలేదు.

సరిగ్గా ఆ వారంలోనే గిటారుకి కొత్త జబ్బు పట్టుకుంది. మధ్యాహ్నం వాన రేకుల మీద దంచుతుండగా నేను వాయించుకుంటుంటే, స్పీకరు పెట్టె ఉన్నట్టుండి బర్రుమనేది. ఆగేది. మళ్ళీ బర్రు. మొదట్లో ఉండే జుమ్మనే రొద కాదిది. చెయ్యి వేసినా ఊరుకోదు. కాసేపు పోరుపెట్టి, తనకే విసుగొచ్చి మానేసేది. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు కిందికి దిగి ఆయన మీద పడ్డాను.

"మీ స్ప్రింగులే ఇంత పని చేశాయి. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచలేరా మీరు?"

ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "అవును. నా స్ప్రింగులే అయ్యుంటాయి. పొరపాటైంది" అన్నాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి నోట పొరపాటైంది అన్న మాట నేను వినలేదు. ఒకసారి ఒకాయనకి ప్యాంటు ఒక కాలు పొట్టిగా కోసి, "మీరు నడిచే తీరులో తేడా ఉంది" అని ఆయన్నే ఒప్పించి పంపిన మనిషి. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. గెలిచానన్న సంబరంలో పడి పట్టించుకోలేదు.

చెల్లెలికి సెలవు దొరికిన రోజు గిటారుని షాపుకి మోసుకెళ్ళాం. షాపతను వెనక మూత తీసి స్ప్రింగులు ఒక్కొక్కటే వేలితో లాగి చూశాడు.

"ఇవి ఎవరు పెట్టారండీ?"

"మా ఇంట్లో ఒక పెద్ద నిపుణుడున్నాడు లెండి" అన్నాను.

"కొక్కేలు ఐదున్నా అన్నీ నింపాలని లేదమ్మా. ఎవరికి ఎంత బిగువు కావాలో అంత. ఈ తీగలకి మూడు చాలు." రెండూ తీసి కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. గిటారుని స్పీకరుకి తగిలించి వాయించాడు. కడ్డీలకి రాసుకోకుండా, గంట కొట్టినట్టు పలికింది. ఇన్నాళ్ళూ దాని గొంతు పిసికి పట్టుకున్నామన్నమాట. "చవకదే కానీ మంచిదమ్మా ఇది. కొసలు ఎవరు అరగదీశారో, చాలా బాగా తీశారు" అన్నాడు. ఈ మాట ఇంటికెళ్ళి చెప్పకూడదని చెల్లెలూ నేనూ అప్పుడే ఒట్టు పెట్టుకున్నాం.

"మరి ఆ బర్రుమనే సంగతి?" అనడిగాను.

అరగంట అక్కడే కూర్చున్నాం. ఒక్కసారి కూడా బర్రుమనలేదు. "మీ ఇంట్లో ఏదైనా మోటారు ఉందా? పెద్ద మోటారు అక్కర్లేదు. అదే లైను మీద ఏం తిరిగినా ఇది పట్టేస్తుంది. చవకవాటికి చెవులెక్కువ" అన్నాడతను.

"మధ్యాహ్నం పూట మా ఇంట్లో తిరిగేది మా ఆయన గురక ఒక్కటేనండీ" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ కూర్చున్నాను. స్ప్రింగులు పోయాయి కాబట్టి తీగలు శుభ్రంగా పలుకుతున్నాయి. చూపుడువేలు, మధ్యవేలు, రెండూ బంగారంలా పలికాయి. ఉంగరపు వేలు టప్. ఇక గిటారుది తప్పనడానికి కూడా లేదు. అలా చేతిని చూసుకుంటూ కూర్చున్నాను.

బర్ర్. ఆగింది.

బర్ర్. ఆగింది. ఈసారి కాస్త ఎక్కువసేపు బర్రుమని, ఉలిక్కిపడ్డట్టు ఆగింది.

ఈ వరస నాకెక్కడో తెలుసు అనిపించింది. నాలుగు కుట్లు వెయ్యడం, సూది ఎక్కడుందో తొంగి చూడ్డం, మళ్ళీ నాలుగు కుట్లు. పదహారేళ్ళప్పుడు నేను మెషిన్ నేర్చుకున్నది ఇలాగే. కింద ఎవరో నా మోటారు మెషిన్ నడుపుతున్నారు. వాన చప్పుడులో మెట్ల మీదికి వినబడటం లేదంతే.

గిటారు పక్కన పెట్టి మెట్లు దిగాను. చాప చుట్టింది చుట్టినట్టే మూలనుంది. నా కుర్చీలో మా ఆయన కూర్చుని ఉన్నాడు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ముక్కు సూదికి తగిలేంత ముందుకు వంగి. చుట్టూ గుడ్డ పీలికలు, అన్నిటి మీదా వంకరటింకర కుట్లు. ఎడమ చూపుడువేలికి బ్యాండేజీ.

"మీరు పడుకున్నారనుకున్నా" అన్నాను.

అదిరిపడ్డాడు. "లేచాను."

"ఎన్నాళ్ళయింది లేచి?"

"రెండు వారాలు."

నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే అర్థమైంది. ఈయన కుట్టు నేర్చుకుంటున్నాడంటే నా చెయ్యి రాదని ఈయనకి తెలుసు. తాన్ల మీద కూర్చుండిపోయాను.

"ఆ ఫిజియో అమ్మాయి ఏమంది మీతో?"

"మూడు వేళ్ళు బాగానే వచ్చేస్తాయంది."

"నేనడిగింది మిగతా రెండూ."

"వంగుతాయట. పట్టు మాత్రం ఉండదట. గొడుగు తీసుకుని నీకోసం ఫిజియో దగ్గరికి వచ్చాను చూడు, ఆ రోజు అడిగాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"రోజూ అంత పట్టుదలగా వాయించుకుంటున్నావు. చెబితే మానేస్తావని భయమేసింది. మానేస్తే వచ్చే మూడు కూడా రావన్నది ఆ అమ్మాయి."

"నాకూ తెలుసు" అన్నాను. "ఆ గిటారు ఎప్పుడో చెప్పేసింది. నేనే మీకు చెప్పలేదు."

"నువ్వెందుకు చెప్పలేదు?"

"చెబితే ఈ కొట్లో నాకు పనేముంది?" అనేసరికి ఏడుపొచ్చేసింది. ఏడిచాను. దాచుకోలేదు. ఆయన లేచి వచ్చి పక్కన కూర్చుని, ఏం చెయ్యాలో తెలీక, ఓ పీలిక తీసి కళ్ళు తుడుచుకోమని ఇచ్చాడు. అది ఆయన కుట్టిందే. ముక్కుకి సూది మొన గుచ్చుకుంది.

"సూది విరిగితే ముక్క తీసి పారెయ్యరా?" అన్నాను.

"అది ఎటుపోయిందా అని రెండ్రోజుల నుంచి వెతుకుతున్నా."

కాసేపయ్యాక ఆయన తన పథకం చెప్పాడు. పొద్దున కోస్తాడట, మధ్యాహ్నం నుంచి తనే కుడతాడట. నాకేం ఇబ్బంది లేకుండా నేను పైన హాయిగా గిటారు వాయించుకోవచ్చట. మనసారా అన్నాడు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"నాకేం హాయి? నలభై చొక్కాలు పడున్న ఇంట్లో నేను పైన కచేరీ చేసుకోనా? ఈ కుట్టు చూడండి, పాము వెళ్ళినట్టుంది. మీరు ఇదొక్కటీ నేర్చుకునేసరికే నాలుగు వానాకాలాలు పోతాయి. పైగా కొయ్యడం కూడానా?"

"మరి ఎవరు కోస్తారు?"

లేచి బల్ల దగ్గరికెళ్ళాను. గుడ్డ పరిచి, కొలత అట్ట పెట్టి, ఎడమ అరచెయ్యి ఆనించి నొక్కాను. అరచేతికేం రోగం లేదు, గుడ్డ కదల్లేదు. సుద్దతో చుట్టూ గీశాను. ముప్పై ఏళ్ళు ఆయన కోసినవి కుట్టానేమో, ఎక్కడ ఎంత వదలాలో ఆయనకన్నా నాకే బాగా తెలుసు. ఎక్కడ తక్కువ వదులుతాడో కూడా తెలుసు.

ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు. గీత చూశాడు. చంక దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ అరంగుళం ఎక్కువ వదిలావు" అన్నాడు.

"మీరు వదలరు కాబట్టే పిల్లలు చెయ్యెత్తితే చొక్కా పైకొచ్చేస్తుంది."

ఆయన కత్తెర తీసి, పిడి నావైపు తిప్పి బల్ల మీద పెట్టాడు. వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాడు.

కొత్త గుడ్డలోకి కత్తెర మొదటిసారి దించేముందు సుద్దగీత ఇంకోసారి చూసుకున్నాను. తప్పు పోతే విప్పి మళ్ళీ కుట్టుకోవడానికి ఇది కుట్టు కాదు. భయమేసింది. ఆ భయంలోనే మూడు నెలల్లో మొదటిసారి నాకు సంతోషమూ కలిగింది. చొక్కా ముందుభాగం ఒకటి విడిపడి నా చేతిలోకొచ్చింది.

వెనకనుంచి మెషిన్ బర్రుమని, ఆగింది.

"ఇదిగో, మూల దగ్గర తిరగాలంటే సూది పైకుండాలా, కిందికుండాలా?"

"కిందికి. సూది గుడ్డలోనే ఉంచి, గుడ్డని నొక్కే మెషిన్ పాదం ఎత్తి, గుడ్డ తిప్పండి."

ఆయన పాదం ఎత్తే మీట కోసం తడుముకున్నాడు. "ముప్పై ఏళ్ళలో ఒక్కసారైనా ఇది చెప్పలేదేం?"

"మీరు ఒక్కసారైనా అడిగారా?"

"ఇప్పుడడుగుతున్నాగా" అన్నాడాయన. నేను కత్తెర కింద పెట్టి, వెళ్ళి ఆయన పక్కన నిలబడి చూపించాను.